బావని పొగిడినవాడు

లువాంగ్వా నదికి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ, మీదికి దూసుకొస్తున్న ఏనుగుని ఒక్క మాటతో వెనక్కి పంపిన మనిషి ఇప్పటిదాకా ఒక్కడే పుట్టాడు. ఆ ఒక్కడూ నేనే. ఇరవయ్యారేళ్ళు సఫారీ శిబిరంలో వంట చేశాను. నిప్పుల్లో పాతిన రేకు పెట్టెలో రొట్టె కాల్చి ఎన్ని దేశాల వాళ్ళ చేత తినిపించానో నాకే లెక్క తెలియదు. అయితే ఇది నా కథ కాదు, టీ బుట్ట మోసే జెరె కథ. జెరె ఒక మంచి మాట అనవలసి వచ్చిన నాలుగు రోజుల కథ.

అక్టోబరు నెల. నది సగానికి పైగా ఇసకై, మిగిలిన నీళ్ళలో నీటిగుర్రాలు ఒకదాని వీపు మీద ఇంకొకటి తల పెట్టుకుని పడుకునే రోజులు. నడక పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి పదికల్లా ముగించాలి. ఆ తర్వాత నేల మీద కాలు ఆనదు. నడకలో వరుస ఎప్పుడూ ఒకటే. ముందు తుపాకీతో ప్రభుత్వ కాపలావాడు, అతని వెనక దారి చూపే గైడు చిలెక్వా, ఆ వెనక అతిథులు ఆరుగురికి మించకుండా, అందరికన్నా చివర జెరె.

చిలెక్వా బెంబా తెగ మనిషి, ఎండుకట్టెలా పొడుగ్గా ఉంటాడు. బూడిద నింపిన పాత మేజోడు ఒకటి నడుముకి కట్టుకునేవాడు. వేలితో దాన్ని ఒకసారి తడితే బూడిద లేచి గాలి ఎటు పోతోందో చెప్పేది. జెరె న్గోని తెగ మనిషి, పొట్టిగా, నిండుగా ఉంటాడు. అతని బుట్టలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, ఎనామిల్ కప్పులు, పాలపొడి డబ్బా, నేను కాల్చిన బిస్కెట్లు ఉండేవి. కప్పుకీ కప్పుకీ మధ్య గుడ్డ పెట్టి ఎంత బాగా సర్దేవాడంటే, వాగు దూకినా చప్పుడు వినిపించేది కాదు.

బెంబాలూ న్గోనీలూ మా తాతల కాలంలో ఈటెలతో ఒకరినొకరు పొడుచుకున్నారు. పొడిచి పొడిచి విసుగెత్తి, చివరికి బావ బావమరుదుల వరస కలుపుకున్నారు. అప్పటినుంచి ఏ బెంబాకి ఏ న్గోనీ ఎదురుపడినా తిట్టుకోవలసిందే. పెళ్ళిలో తిట్టుకోవాలి, చావులో మరీ తిట్టుకోవాలి. తిట్టలేదంటే ఏదో మనసులో పెట్టుకున్నాడన్నమాట. ఆ తిట్లకి కోపం తెచ్చుకున్నవాడు జరిమానా కింద కోడినివ్వాలి. నేను కుండా తెగవాణ్ణి, ఆ వరసలో నాకు వాటా లేదు. విని నవ్వుకోవడం వరకే.

ఆ మంగళవారం పొద్దున్న వరుస ఒక ఎండిన మడుగు దగ్గర ఆగింది. ముందు నుంచి చిలెక్వా వెనక్కి చూడకుండానే అడిగాడు.

"ఎలకల తిండీ, ఉన్నావా? బిస్కెట్లేమైనా మిగిల్చావా?"

"మిగిల్చాను బావా. నీకు మాత్రం కోతిని వేయించి తెచ్చాను. అచ్చం మీ చిన్నాన్నలా ఉంది, గుర్తుపట్టాక తిను."

న్గోనీలు ఎలకలు తింటారనీ, బెంబాలు కోతుల్ని తింటారనీ పాత వేళాకోళం. ఆ వేళాకోళంలో పని కూడా ఉంది. చివరి మనిషి గొంతు వినబడితే వరుస తెగలేదని ముందువాడికి తెలుస్తుంది. వాళ్ళిద్దరూ ఎన్నడూ కూర్చుని అనుకుని చేసింది కాదిది. పంతొమ్మిదేళ్ళ నడకలో దానంతటదే కుదిరింది.

అతిథుల్లో హెర్డిస్ అనే పెద్దావిడ ఉంది. డెబ్బై దాటాయి. ఎక్కడో చలిదేశంలో బడి నడిపి రిటైరయింది. మేం టీచరమ్మ అనేవాళ్ళం. మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారని ఆవిడ చిలెక్వాని అడిగింది. అడిగితే దాచే అలవాటు చిలెక్వాకి లేదు, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాడు. ఆవిడ జెరె వైపు చూసింది. జెరె తల వంచుకుని ఉన్నాడు. పంచదార డబ్బా మూత రాక గోళ్ళతో లాగుతున్నాడు గానీ, ఆవిడకి అది అవమానంతో వంగిన తలలా కనిపించింది. శిబిరానికి రాగానే అతిథుల పుస్తకంలో పేజీన్నర రాసింది.

ఆ ఏడే మాకు కొత్త మేనేజరు వచ్చింది. పేరు బిర్గిట్, ఆవిడదీ చలిదేశమే. చాలా పద్ధతైన మనిషి. అతిథులు ఇంటి దగ్గర బయలుదేరే ముందే చదువుకోవడానికి చిన్న పుస్తకం ఒకటి రాసింది. జూలైలో పొద్దున్నపూట స్వెట్టరుండాలి, అక్టోబరులో టోపీ ఉండాలి. నీలం, నలుపు బట్టలు వేసుకుంటే కుట్టే త్సెత్సే ఈగలు వెంటపడతాయి. మలేరియా మాత్రలు మీ ఊళ్ళోనే మొదలుపెట్టండి. బక్షీసు ఎవరి చేతికీ ఇవ్వకుండా భోజనాల పాక దగ్గరున్న పెట్టెలో వెయ్యండి. నడకలో ఏం కనబడినా పరిగెత్తవద్దు. అంతా సరైన మాటలే, నేను చదివాను. చివరి పేజీలో, ఇక్కడ అందరూ అందర్నీ గౌరవిస్తారు అని రాసుకుంది. ఆ పేజీ అంటే ఆవిడకి ప్రాణం.

బుధవారం మధ్యాహ్నం ఇద్దర్నీ భోజనాల పాకలోకి పిలిచింది. నేను మూల నిలబడి గిన్నెలు తుడుస్తున్నాను.

"మిస్టర్ జెరె, నిన్న చిలెక్వా మిమ్మల్ని ఎలకలు తినేవాడన్నారా?"

"అన్నాడు మేడమ్."

"ఇంతకు ముందు కూడా అన్నారా?"

"పంతొమ్మిదేళ్ళుగా అంటున్నాడు మేడమ్."

బిర్గిట్ కళ్ళజోడు తీసింది. "ఎవరికీ చెప్పుకోలేదా?"

"చెబితే నవ్వుతారు మేడమ్."

ఆవిడ అది కూడా రాసుకుంది. "మీకేం న్యాయం జరగాలనుకుంటున్నారు?"

ఇంకెవరైనా అయితే ఇక్కడ నిజం చెప్పేసేవాడు. కానీ అడిగింది బావ సంగతి. బావని గురించి అడిగితే న్గోనీ నోట మంచి మాట రాదు, రాకూడదు. జెరె మొహం బాగా పొడుగు చేసి, చేతులు కట్టుకున్నాడు.

"తీసెయ్యండి మేడమ్. ఇతను కోతుల మధ్య ఉండవలసినవాడు, మనుషుల మధ్య కాదు. వెళ్ళేముందు బూట్లు విప్పి నాకిచ్చి వెళ్ళమనండి. ఇన్నేళ్ళ నష్టానికి ఆ మాత్రమైనా దక్కాలి."

చిలెక్వా చటుక్కున వంగి లేసు కట్టుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి వంగాడని నాకు తెలుసు. తప్పు చేసినవాడు మొహం చూపించలేకపోతున్నాడని ఆవిడనుకుంది. 'బూట్లు' అని రాసి కింద గీత గీసింది.

ఉత్తరం ఆ సాయంత్రమే తయారైంది. శుక్రవారం సామాన్ల లారీలో ఎంఫువె వెళ్ళి, అక్కడినుంచి విమానంలో లుసాకాలో యజమానుల దగ్గరికి పోతుంది. అది చేరిందంటే చిలెక్వా పేరు నడిపించేవాళ్ళ జాబితాలోంచి పోతుంది. పోయిన పేరు తిరిగి ఎక్కడం నేను చూడలేదు. ఆ తర్వాత అతనికి మిగిలేది గేటు దగ్గర కర్ర ఎత్తడం, దించడమే. అప్పటిదాకా జీపులు కడగమని చెప్పింది. పనివాళ్ళందరూ ఒకరినొకరు మర్యాదగా మాత్రమే పిలుచుకోవాలని కూడా కాగితం అంటించింది.

నేను చేతులు తుడుచుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "వాళ్ళు బావ బావమరుదులు మేడమ్. అది సరదా."

"ఎవరి అక్కని ఎవరు చేసుకున్నారు?"

"ఎవరూ చేసుకోలేదు. జాతికి జాతి బావ."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "తాతా, మా ఊళ్ళో కూడా ఒకణ్ణి ఏడిపించేవాళ్ళు అది సరదాకే అంటారు. చిన్నప్పుడు ఆ సరదా నేను నాలుగేళ్ళు పడ్డాను."

అన్యాయం చేస్తున్నది చెడ్డ మనిషయితే ఎంత సుఖమో ఆ రోజు తెలిసింది.

చిలెక్వా నా పొయ్యి దగ్గరికొచ్చి మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద చేతిలోకి తీసుకుని నవ్వుతున్నాడు. "బూట్లు అడిగాడు, చూశావా తాతా? నాకు ఆ ఊహే వచ్చేది కాదు."

"గైడు ఉద్యోగం పోతోందిరా. వెళ్ళి ఇద్దరూ నిజం చెప్పండి."

"ఏమని చెప్పాలి? నా బావ చేత, ఇతను మంచివాడండీ, అని చెప్పించుకోవాలా?" ముద్దని ఎండు చేపల పులుసులో ముంచి అలాగే పట్టుకున్నాడు. "అంతకంటే గేటు కర్ర నయం."

తినకుండానే లేచాడు.

గురువారం పొద్దున్న జెరె బుట్ట తగిలించుకుని జీపుల పక్కనుంచి వెళుతూ ఆగాడు. చిలెక్వా మోకాళ్ళ మీద కూర్చుని చక్రం తోముతున్నాడు.

"ఏం కోతిమాంసం, బండి కడుగుతున్నావా, నీ మొహం కడుక్కుంటున్నావా?"

చిలెక్వా లేచి నిలబడ్డాడు. చేతిలో తడిగుడ్డ కారుతోంది. గోడ మీది కాగితం వైపు ఒకసారి చూశాడు.

"గుడ్ మార్నింగ్, మిస్టర్ జెరె. రాత్రి బాగా నిద్రపట్టిందా?"

జెరె రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒళ్ళంతా చల్లబడింది తాతా," అన్నాడు తర్వాత నాతో. "శవం లేచి పలకరించినట్టయింది."

ఆ పూట నడకకి పక్క శిబిరం నుంచి ఒక గైడుని తెచ్చారు. తెలివైనవాడే గానీ ఈ ఒడ్డుకి కొత్త. వెనక్కి ఒక్క మాటా అనకుండా ముందుకే చూసుకుంటూ నడిచాడు. మోపానె చెట్ల దగ్గర మలుపు ముందు బూటులో ముల్లుకాయ దిగడంతో టీచరమ్మ కూర్చుండిపోయింది. చివరి మనిషి ఎవర్నీ వెనక వదలడు కాబట్టి జెరె కూడా ఆగాడు. మిగిలిన వరుస మలుపు తిరుగుతోంది.

కోతీ, ఆగు, అని జెరెకి గొంతుదాకా వచ్చింది. ముందున్నది కోతి కాదు. మర్యాదగా మిస్టర్ అని మొదలుపెడదామంటే కొత్తవాడి పేరు గుర్తు రాలేదు. ఏమని పిలవాలా అని తడుముకున్న ఆ రెండు క్షణాల్లో చెట్లలోంచి ఒక ఏనుగు, దాని పిల్ల, సరిగ్గా దారి మీదికొచ్చి నిలబడ్డాయి. ఇక కేకేసే వీల్లేదు. ముందు తుపాకీ, వెనక టీ బుట్ట, మధ్య తల్లి ఏనుగు.

ఏనుగు మాటొచ్చింది గనక ఒకటి ఒప్పుకోవాలి. మొదట్లో నేను చెప్పిన ఏనుగుని వెనక్కి పంపింది నిజానికి చిలెక్వాయే. చేతులు రెండూ కిందికి వదిలేసి, "అమ్మా, నువ్వు నీ దారిన వెళ్ళు, మేం మా దారిన పోతాం," అని పాలు పోసే ఆవిడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేను అప్పుడు చెట్టు మీదున్నాను, రొట్టె కోసే కత్తితో సహా. ఒక్క మాట అన్నది మాత్రం నిజం. ఆ మాట చిలెక్వాతో అన్నాను, దాన్ని ఇంకా పైకి రానివ్వకు అని.

జెరె టీచరమ్మని మోచెయ్యి పట్టి పక్కనున్న చెదపుట్ట వెనక్కి జరిపాడు. బూడిద మేజోడు అతని దగ్గర లేదు. చప్పుడు కాకుండా పాలపొడి డబ్బా మూత తీసి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నుంచి వదిలాడు. తెల్లటి పొడి తేలుకుంటూ వాళ్ళ వెనక్కే పోయింది. గాలి ఏనుగు వైపు నుంచి వస్తోంది, దానికి వీళ్ళ వాసన తగలదు. ఊపిరి వదిలాడు.

"పరిగెత్తాలా?" అంది ఆవిడ పెదవులతో.

"పుస్తకంలో ఏముందమ్మా?"

"పరిగెత్తవద్దని."

"ఆ ముక్క చిలెక్వా చెబితే మేడమ్ రాసుకున్నారు."

ఏనుగు చెవులు విప్పి ఇటు చూసింది. పిల్ల తల్లి కాళ్ళ మధ్య దూరింది. జెరె కదలకుండా కూర్చుని, కొంతసేపటికి మళ్ళీ చిటికెడు పాలపొడి వదిలాడు, గాలి మారలేదు. బుట్టలోంచి ఒక బిస్కెట్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. కొరికితే చప్పుడవుతుందని నోట్లో నానబెట్టుకోమని సైగ చేశాడు. ఇరవై నిమిషాలు అలా గడిచాయి. ఆవిడ ఆ ఒక్క బిస్కెట్టునే నానబెట్టుకుంది. ఏనుగు పిల్లని తొండంతో నెట్టుకుంటూ నదివైపు దిగిపోయింది.

అప్పుడు అడిగింది ఆవిడ. "మొదట్లోనే కేకెయ్యలేదెందుకు?"

"ఏమని కేకెయ్యాలో తెలియలేదమ్మా. ఇన్నేళ్ళూ తిట్టే కేకేశాను. ఇప్పుడు తిట్టకూడదన్నారు కదా."

టీచరమ్మ బూటు తొడుక్కుంటూ ఆగిపోయింది. చాలా ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన మనిషి, తన తప్పు కూడా త్వరగానే కనిపెట్టింది.

శిబిరానికి చేరేసరికి పది దాటింది. ఆవిడ టోపీ కూడా తియ్యకుండా బిర్గిట్ దగ్గరికి వెళ్ళి తను రాసింది కొట్టేయమంది. ఏనుగు సంగతి విని బిర్గిట్ మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

"మీ ఫిర్యాదు మీరు వెనక్కి తీసుకోవచ్చు. కానీ మిస్టర్ జెరె చెప్పింది ఆయన సొంత మాట. బాధపడ్డవాళ్ళు భయంతో మాట మార్చడం నాకు తెలుసు." ఆవిడ జెరె వైపు తిరిగింది. "నిన్న ఒకటి చెప్పారు. అది ఆట అయితే, ఒక్కసారి ఆట లేకుండా చెప్పండి. చిలెక్వా ఎలాంటి మనిషి?"

జీపుల దగ్గరనుంచి చిలెక్వా తడిచేతులతో వచ్చి పాక గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. జెరె అతని వైపు చూశాడు. చిలెక్వా వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వెళ్ళాల్సిన ఉత్తరం అతని మీదే, వద్దంటున్నదీ అతనే.

జెరె బుట్ట దించి, మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. అక్కడ దులపడానికేం లేదు.

"మంచి మనిషి మేడమ్," అన్నాడు. నోట్లో ఏదో రుచి తెలియనిది పడ్డట్టు ఆగాడు. "ఈ ఒడ్డున అతనిలా నడిచేవాడు లేడు. గడ్డి వంగిన తీరు చూసి గంట కిందట ఏం పోయిందో చెబుతాడు. నా కాలు చీముపట్టినప్పుడు మూడు రోజులు ఈ బుట్ట కూడా తనే మోశాడు, తిడుతూ మోశాడు. మా అమ్మ పోయినప్పుడు రాత్రీ పగలూ లారీల మీద వచ్చాడు. వచ్చి అమ్మకి తవ్విన గోతిలోకి దిగి పడుకున్నాడు. ఇది నాకు సరిగ్గా సరిపోయింది, ముసలమ్మకి ఇంకోటి తవ్వుకోండి అన్నాడు. అంతవరకూ నాకు ఏడుపు రాలేదు మేడమ్. అప్పుడు నవ్వాను. నవ్వాకే ఏడ్చాను."

జెరె చిలెక్వా వైపు చూడకుండా చివరి మాట అన్నాడు.

"అతను ముందుంటే నాకు వెనక భయం ఉండదు."

బిర్గిట్ ముందు కాగితం తెరిచే ఉంది. అందులో 'బూట్లు' అన్న మాట కింద గీతని వేలితో తడిమింది. ఆవిడ ఏదో అడగబోయేలోపు చిలెక్వా గుంజ వదిలి మూడంగల్లో జెరె ముందుకొచ్చాడు. కళ్ళెర్రబడ్డాయి. పంతొమ్మిదేళ్ళలో అతనికి కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"నేను నీకేం చేశాన్రా? నలుగురిలో నన్ను పట్టుకుని ఇన్ని మంచి మాటలంటావా? నేను చచ్చాననుకున్నావా, ఎలకల తిండీ?"

"తప్పలేదు బావా."

"కోడి కట్టు."

"కోపం తెచ్చుకుంది నువ్వు. నువ్వే కట్టాలి, కోతిమొహమా."

"పొగిడింది నువ్వు."

ఎవరు కట్టాలో తేలలేదు. వరసలో పొగడ్తకి ఎంత జరిమానానో పెద్దలెవరూ చెప్పిపోలేదు, ఆ అవసరం ఎవరికీ వచ్చి ఉండదు. చివరికి చెరొక కోడి తెచ్చారు, వండింది నేను. బిర్గిట్ మాతో కూర్చుని చేత్తోనే తిని, ఏ తెగకి ఏ తెగ బావో నా చేత చెప్పించుకుని కాగితం మీద బొమ్మ వేసుకుంది. రెండుసార్లు తప్పు వేసింది. శుక్రవారం లారీ పిండి బస్తాల చీటీ తీసుకుని వెళ్ళింది, ఉత్తరం మాత్రం తీసుకెళ్ళలేదు. మరుసటి ఏడు వచ్చిన పుస్తకం చివరి పేజీలో ఒక కొత్త మాట ఉంది: మా వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటుంటే నిశ్చింతగా ఉండండి, మర్యాదగా పలకరించుకుంటుంటే వెంటనే నాకు చెప్పండి.

నేను అబద్ధాలకోరునని ఊళ్ళో పేరుంది కాబట్టి, ఇందులో కల్పించినదేదో నేనే చెప్పేస్తాను. ఏనుగు నిజం, పాలపొడి నిజం, గోతిలో పడుకోవడం కూడా నిజం. "అతను ముందుంటే నాకు వెనక భయం ఉండదు" అన్న మాట మాత్రం జెరె అనలేదు. నవ్వాకే ఏడ్చానన్న దగ్గర అతను ఆపేశాడు. బుట్ట పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. ఎవరో ఒకరు పూర్తి చెయ్యాలి కదా అని ఆ మాట నేను పెట్టాను. వాళ్ళిద్దరూ వింటుండగానే ఎన్నోసార్లు ఈ కథ ఇలాగే చెప్పాను. ఇంతవరకు ఇద్దరిలో ఒక్కడూ కాదనలేదు.